మందు కొనేముందు పిడుదును సీసాలో పట్టండి

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గర ఊరు. ఏడు ఆవులున్నాయి, అన్నీ జెర్సీ, హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసులే. నెలన్నర క్రితం బయట సంతలో రెండు ఆవులు కొన్నాం. వాటిలో ఒకటి ఐదు రోజులు జ్వరపడి చనిపోయింది. భుజం ముందు బిళ్లలు కట్టాయి, కళ్లలో నీళ్లు కారాయి. ఇప్పుడు పాత ఆవొకటి కాఫీ రంగులో మూత్రం పోస్తోంది. రక్తపరీక్షలో ఏమీ లేదన్నారు, అయినా ఇంజెక్షన్ చేశారు. వారం వారం మందు కొడుతున్నా పిడుదులు తగ్గడం లేదు. ఇంట్లో కుక్కకూ ఉన్నాయి. పిల్లలకు అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ మందు వాడాలి? మా చెల్లి గరివిడిలో వెటర్నరీ చదువుతోంది. దీని మీదే ప్రాజెక్టు చేస్తానంటోంది. పనికొస్తుందా?

సమాధానం:

ఏ మందు వాడాలన్న దానికి తర్వాత వస్తాను. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి మీరు అడగలేదు. మీ ఆవుల మీద ఉన్నది ఏ పిడుదు?

ముప్పై ఏళ్ల పైన ఉత్తరాంధ్రలో పశువైద్యం చేశాను. అందులో పదకొండేళ్లు వ్యాధి నిర్ధారణ ల్యాబులో మైక్రోస్కోపు ముందే గడిచాయి. ‘డాక్టరు గారూ, పిడుదులకి మందు రాయండి’ అని వచ్చినవాళ్లకు లెక్కలేదు. ఒక పిడుదును పట్టుకొచ్చి ‘ఇది ఏ రకమో చూడండి’ అన్నవాళ్లు మాత్రం పదిమంది కూడా ఉండరు. పిడుదంటే పిడుదే అనుకుంటాం. మీరు రాసిన లక్షణాలు చూస్తే మీ పాకలో కనీసం రెండు రకాలు ఉండి ఉంటాయని నా అనుమానం.

ఒకటి చిన్న రకం. లేత రంగు కాళ్లు, పొట్టి మూతి. రక్తం తాగి ఉబ్బితే బూడిద కలిసిన నీలం రంగులో బొబ్బర గింజంత అవుతుంది. గంగడోలు మీద, పొదుగు చుట్టూ, తొడల లోపలి వైపు గుంపులుగా కనబడుతుంది. దీన్ని రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అంటారు. పాత పుస్తకాల్లో బూఫిలస్ అని ఉంటుంది. ఆవాల కంటే సన్నటి పిల్ల పురుగుగా ఎక్కి, రెండుసార్లు కుబుసం విడిచి, కడుపునిండా తాగి రాలిపోయేదాకా ఒకే ఆవు మీద ఉంటుంది. దానికి సుమారు మూడు వారాలు పడుతుంది. రాలిన ఆడది నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు గడ్డి కొసలకెక్కి, పశువు ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి పస్తులుండగలవు.

రెండోది పెద్ద రకం, హయలొమ్మా. ముదురు గోధుమ రంగు, పొడుగు మూతి, కాళ్ల మీద పట్టీలు కట్టినట్టు తెల్లటి చారలు. పశువు కదిలితే ఇది కూడా చురుగ్గా పరుగెడుతుంది. ఆకలేసినప్పుడు ఆవు మీదికెక్కి తాగుతుంది, తర్వాత దిగిపోయి గోడ పగుళ్లలో, గాటి కింద, రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. అక్కడే కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతుంది. అంటే మీరు ఆవు మీద మందు కొట్టే సమయానికి వీటిలో చాలావరకు గోడలోనే ఉంటాయి. మీ వారం వారం మందు ఎందుకు పనిచేయడం లేదన్నదానికి సగం సమాధానం ఇదే. మిగతా సగం తర్వాత చెబుతాను.

ఇక జబ్బుల సంగతి. కాఫీ రంగు మూత్రం తెచ్చే బబీసియా చిన్న పిడుదుతో వస్తుంది. ఇది ఎర్రకణాల్లో బతికే పరాన్నజీవి. తల్లి పిడుదు తాగిన రక్తంలో బబీసియా ఉంటే అది గుడ్లలోకి కూడా పోతుంది. అందుకే పుట్టిన పిల్ల పిడుదు ఒక్క ఆవును కూడా కుట్టకముందే జబ్బు మోస్తూ ఉంటుంది. థైలేరియా కూడా రక్తంలో చేరే పరాన్నజీవే, కానీ దాని దారి వేరు. అది హయలొమ్మాతో వస్తుంది, గుడ్లలోకి పోదు. పిల్ల దశలో జబ్బు ఆవు రక్తం తాగి, కుబుసం విడిచాక, తర్వాతి దశలో ఇంకో ఆవును కుట్టినప్పుడే అంటిస్తుంది. ఇంకో చిన్న మేలు కూడా ఉంది. ఆ పిడుదు కరిచిపట్టుకుని రెండు మూడు రోజులు తాగాకే దాని లాలాజలంలో పరాన్నజీవి అంటించే స్థితికి వస్తుంది. కాబట్టి పాలు తీసేటప్పుడు రోజూ చెవులు, తోక కింద, పొదుగు తడిమి ఏరేసే పాత పద్ధతిని చాదస్తం అనుకోకండి. మా అమ్మమ్మ ఏరిన ప్రతి పిడుదునూ కుంపట్లో వేసేది. థైలేరియా పేరు ఆవిడ విననే లేదు.

చనిపోయిన ఆవుకు వచ్చింది థైలేరియా అయి ఉండొచ్చు. భుజం ముందు బిళ్లలు, వదలని జ్వరం, కళ్లలో నీళ్లు, బయటి నుంచి తెచ్చిన క్రాసు ఆవు, అన్నీ అటే చూపిస్తున్నాయి. కానీ నమూనా లేకుండా ‘అయి ఉండొచ్చు’ అనడమే తప్ప అంతకుమించి చెప్పలేను. మన దేశవాళి దూడలు పుట్టిన ఊళ్లోనే చిన్నప్పుడే కొద్దికొద్దిగా ఈ జబ్బు తగిలించుకుని తట్టుకుంటాయి, జీవితాంతం మోస్తూ తిరుగుతాయి. జెర్సీ, హెచ్.ఎఫ్. రక్తం ఎక్కువైన కొద్దీ ఆ ఓర్పు తగ్గుతుంది. పైగా లారీ ప్రయాణం, మేత మార్పు, ఉక్కపోత. లోపల అణిగి ఉన్నది అప్పుడే పైకి లేస్తుంది. కొత్త ఆవును తెచ్చిన రోజునే పాత వాటి పక్కన కట్టేయడం మన దగ్గర దాదాపు అందరూ చేసే పొరపాటు. కనీసం మూడు వారాలు వేరే చోట కట్టి, పిడుదులు తీయించి, పొద్దున్నే థర్మామీటరు పెట్టి చూడండి. ఎండెక్కాక క్రాసు ఆవు మామూలుగానే రొప్పుతుంది, అప్పుడు చూసిన జ్వరాన్ని నమ్మలేం.

ఇప్పుడు కాఫీ రంగు మూత్రం పోస్తున్న పాత ఆవు. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఉద్యోగం కొత్తలో ఒక ఊళ్లో ఈని మూడు వారాలైన గేదె ఎర్రగా మూత్రం పోస్తోందని పిలిచారు. చూడగానే బబీసియా అనుకుని దాని మందు డిమినజిన్ ఇంజెక్షన్ చేసి వచ్చేశాను. జ్వరం కూడా చూడలేదు. మర్నాడు సాయంత్రానికి గేదె పోయింది. అది భాస్వరం లోపంతో ఎర్రకణాలు పగిలిపోయే జబ్బు. ఈనిన కొత్తలో, పాలు ఎక్కువ ఇచ్చే వాటిలో వస్తుంది, జ్వరం ఉండదు. భాస్వరం ఎక్కించి ఉంటే బతికేదేమో. ఆ ఇంటి పెద్దాయన నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కాబట్టి మూత్రం ఎర్రగా ఉంటే ముందు రెండు పనులు చేయండి. జ్వరం చూడండి. బబీసియాలో 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలు. తర్వాత గాజు గ్లాసులో మూత్రం పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున ఎర్రగా పేరుకుని పైన తేటగా ఉంటే అది రక్తస్రావం, మూత్రకోశం లేదా మూత్రపిండాల సంగతి. మొత్తం ఒకే రంగులో ఉండిపోతే ఎర్రకణాలు ఒంట్లోనే పగిలాయని అర్థం. బబీసియా, భాస్వరం లోపం, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరా, ఇవన్నీ ఆ రెండో గుంపులోనివే. డాక్టరు గారికి ఫోన్లో ఈ రెండు ముక్కలు చెబితే సగం దారి దొరికినట్టే. మీ ఆవు ఎప్పుడు ఈనిందో కూడా చెప్పండి, మీరు ప్రశ్నలో రాయలేదు.

రక్తపరీక్షలో ఏమీ లేకపోయినా ఇంజెక్షన్ చేయడం తప్పా అంటే, కాదు. చిన్న లెక్క వేద్దాం. ఆవు రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు యాభై లక్షల నుంచి కోటి దాకా ఎర్రకణాలుంటాయి. ల్యాబులో ఓపికగా యాభై చోట్ల చూసి, చోటుకు రెండు వందల కణాల చొప్పున చూశామనుకున్నా మొత్తం పదివేలే. లక్ష కణాల్లో ఒకదానిలో పరాన్నజీవి ఉంటే ఆ పదివేలలో అది దొరకాలని ఏముంది? అందుకే ‘కనబడలేదు’ అని రాసిన రిపోర్టును ‘లేదు’ అని చదవకూడదు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఇంతకంటే చాలా తక్కువ సంఖ్యను కూడా పట్టేస్తుంది. కానీ దానికి సమయం పడుతుంది, జబ్బు ఆవు అంతసేపు ఆగదు. లక్షణాలు గట్టిగా ఉంటే ముందు వైద్యం చేయడమే న్యాయం. నా పట్టుదలంతా ఒక్కదాని మీదే. ఇంజెక్షన్ చేసే ముందు రక్తం తీయాలి. మందు పడ్డాక తీసిన స్లైడులో పరాన్నజీవులు లేకపోతే అది మందు పనో, జబ్బే కాదో ఎవరూ చెప్పలేరు.

రక్తం ఎక్కడి నుంచి తీశారన్నది కూడా ముఖ్యం. మెడ నరం నుంచి తీసేదానికంటే చెవి కొసన గుచ్చి తీసిన బొట్టులో బబీసియా దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కొన్ని రకాల బబీసియాలో సోకిన కణాలు సన్నటి రక్తనాళాల్లోనే ఎక్కువగా ఆగుతాయి. థైలేరియా అనుమానముంటే రక్తం ఒక్కటే చాలదు. భుజం ముందు కట్టిన బిళ్లలోకి సూది పెట్టి తీసిన రసాన్ని కూడా స్లైడు చేయాలి. జబ్బు మొదటి రోజుల్లో ఎర్రకణాలు శుభ్రంగానే కనబడతాయి. ఆ బిళ్ల స్లైడులో మాత్రం తెల్లకణాల లోపల నీలిరంగు ముద్దలు కనబడతాయి. వాటిని కాక్ నీలి కణాలంటాం. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ పేరే అది.

స్లైడు పాడవడానికి విశాఖ గాలి ఒక్కటి చాలు. సముద్రపు తేమకు రక్తం పొర త్వరగా ఆరదు. సరిగా ఆరని పొరకు రంగు వేస్తే ఎర్రకణాల్లో మెరిసే చుక్కలు వస్తాయి, కొత్తవాళ్లు వాటినే పరాన్నజీవి అనుకుంటారు. రంగు సరిగా వడగట్టకపోయినా అంతే. నేను చేరిన కొత్తలో రంగు మడ్డిని అనాప్లాస్మా (ఎర్రకణాల్లో చుక్కలా కనబడే ఇంకో క్రిమి) అని రిపోర్టు రాశాను, మా సీనియర్ చూసి నవ్వి చింపేశారు. అందుకే స్లైడును విసనకర్రతోనో, చేత్తో ఊపో వెంటనే ఆరబెట్టాలి. అది ఆరాక మిథనాల్‌లో రెండు మూడు నిమిషాలు ముంచాలి. ముంచకుండా బల్ల మీద వదిలేస్తే రాత్రికి ఈగలో, చీమలో, బొద్దింకలో ఆ రక్తాన్ని నాకేస్తాయి. నవ్వకండి, మా ల్యాబులో జరిగింది. ట్యూబులో రక్తం పంపితే ఐసు పక్కన పెట్టండి, డీప్ ఫ్రీజర్లో పెట్టొద్దు. గడ్డకట్టి కరిగిన రక్తంలో చూడటానికి కణమే మిగలదు.

చనిపోయిన ఆవు నుంచి కూడా వెంటనే చెవి స్లైడు తీయించి ఉండాల్సింది. ఇకముందు అలాంటిది జరిగితే ఇది గుర్తుంచుకోండి. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కోయొద్దు, తోలు తీయొద్దు. అది ఆంత్రాక్స్ కావొచ్చు. డాక్టరు వచ్చేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి.

అన్ని జబ్బులకూ ఒకే మందు ఎందుకు చాలదో కూడా ఇక్కడే చెప్పేస్తాను. థైలేరియాకు బుపార్వాక్వోన్, బబీసియాకు డిమినజిన్ లేదా ఇమిడోకార్బ్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. చాలాసార్లు ఒకదాని మందు ఇంకోదానికి చాలదు. అనాప్లాస్మాలో మూత్రం ఎర్రబడదు, కళ్లు పచ్చబడతాయి, పేడ గట్టిపడుతుంది. డోసు మీ డాక్టరు గారే నిర్ణయించాలి, బరువు చూడకుండా నేను చెప్పను. ఇంజెక్షన్ల తర్వాత ఎన్ని రోజులు పాలు పారబోయాలో సీసా మీద ఉంటుంది. పాల కేంద్రానికి పోయే పాల విషయంలో అది కచ్చితంగా పాటించండి.

పిడుదు జబ్బు మోస్తుందన్న సంగతి ఎలా తేలిందో మీకు తెలిస్తే మీ పాకనే వేరే కళ్లతో చూస్తారు. అమెరికాలో టెక్సాస్ వైపు నుంచి ఉత్తరానికి తోలుకొచ్చిన పశువులు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉండేవి. వాటి పక్కన మేసిన ఉత్తరాది పశువులు మాత్రం ఎర్రమూత్రం పోసి చచ్చేవి. పిడుదుల వల్లేనని పశువుల కాపర్లు అంటూనే ఉన్నారు, చదువుకున్నవాళ్లు కొట్టిపారేశారు. థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసిన కిల్‌బోర్న్ చాలా సాదా పని చేశారు. దొడ్లు కట్టారు. ఒక దొడ్లో పిడుదులున్న దక్షిణాది పశువుల్ని, ఇంకో దొడ్లో పిడుదులన్నీ చేత్తో ఏరేసిన దక్షిణాది పశువుల్ని ఉత్తరాది వాటితో కలిపారు. మరో దొడ్లో దక్షిణాది పశువే లేదు, నేల మీద పిడుదులు మాత్రం చల్లారు. పిడుదులున్న దొడ్లలోనే పశువులు జబ్బుపడ్డాయి. 1893లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక పురుగు జబ్బును మోసుకొస్తుందని ప్రయోగంతో గట్టిగా తేల్చిన తొలి పని ఇదేనంటారు. సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఇంకో నాలుగేళ్లకు, 1897 ఆగస్టు 20న. ఆ పిడుదును దేశం నుంచి తరిమేయడానికి అమెరికా 1906లో మొదలుపెట్టి 1943 దాకా పశువుల్ని మందునీళ్ల తొట్లలో ముంచుతూనే ఉంది. అన్నేళ్లు పట్టింది. మనకు రెండు నెలల్లో ఫలితం రాలేదని మందు కంపెనీని తిట్టుకోవడం న్యాయం కాదు.

ఇప్పుడు మందు సంగతి, ఇందాక మిగిల్చిన సగం. మీరేం కొడుతున్నారో, ఎంత కలుపుతున్నారో రాయలేదు. ఊళ్లలో నేను చూసిందేమిటంటే, లీటరు డబ్బాలో మూతతో అటూ ఇటుగా మందు పోసి, ఆవు వీపు మీద రెండు చుట్లు చిలకరిస్తారు. గంగడోలు, తోక కింద, చెవి లోపల, పొదుగు సందు పొడిగానే ఉంటాయి, పిడుదులుండేది అక్కడే. ఒక పెద్ద ఆవు అడుగు నుంచి పైదాకా తడవాలంటే నాలుగైదు లీటర్ల మందునీళ్లు కావాలి. పిడుదుల మందు అమిట్రాజ్ 12.5 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు. మూతతో కాదు, సిరంజితో కొలవండి. పలచగా, తరచుగా కొడితే బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి పిల్లల్ని కంటాయి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ అనే పిడుదుల మందులకు లొంగని పిడుదులు మన దేశంలో చాలాచోట్ల తేలాయి. మీ పాకలోవి కూడా అలాంటివేమో పరీక్షించకుండా తెలీదు. ఒకసారి సరైన మోతాదులో నిండా తడిపి, రెండు రోజుల తర్వాత చూడండి. పెద్ద ఆడ పిడుదులు ఇంకా బతికి ఉబ్బుతూనే ఉంటే ఆ మందు రకాన్నే మార్చాలి. బ్రాండు మారిస్తే చాలదు, లోపలి మందు మారాలి. దుకాణంలో వేరే బొమ్మ ఉన్న సీసా ఇచ్చి అదే డెల్టామెత్రిన్ అంటగడతారు, పేరు చదివి కొనండి.

చిన్న పిడుదు కోసం ఆవు మీద పిచికారీని రెండు మూడు వారాలకొకసారి వరసగా కొన్ని నెలలు చేయాలి, తెంపొద్దు. ఒక్క ఆవును వదిలినా అది మిగతా వాటికి విత్తనం అవుతుంది. హయలొమ్మాకు మాత్రం పాకే అసలు రోగి. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, సున్నం కొట్టండి. పశువుల్ని బయట కట్టి గోడలకు, గాటికి, మూలలకు మందు పట్టించండి. ఆ మందు ఆరేదాకా గాటిలో మేత వేయొద్దు. మంట గొట్టంతో కాల్చమని కొందరు చెబుతారు, పనిచేస్తుంది. మీది తాటాకు కప్పు అయితే ఆ మాట వినకండి. జీడితోటల్లోకి, కొండ వాలుకి మేతకు తోలుతుంటే ఒకే చోటికి రోజూ తోలొద్దు. నాటుకోళ్లు పాకలో తిరిగితే రాలిన పిడుదుల్ని ఏరుకు తింటాయి. అదే మందనుకోకండి, చిన్న సాయం అంతే.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేయించమని పక్కింటివాళ్లు చెప్పే ఉంటారు. పాలిచ్చే ఆవుకు వద్దు, పాలలోకి వస్తుంది. థైలేరియాకు టీకా ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ చేసే రక్షావాక్-టి. దాన్ని ద్రవ నత్రజనిలో నిల్వ చేయాలి, అందుకే పల్లె దుకాణంలో దొరకదు. మీకున్నవన్నీ క్రాసులు కాబట్టి మిగతా వాటికి వేయించడం గురించి డాక్టరు గారిని అడగండి. అది థైలేరియాకే, బబీసియాకు కాదు.

మీరడగకపోయినా ఒకటి చెప్పాలి. ఒకే సూదితో ఊరంతా ఇంజెక్షన్లు చేసేవాళ్లను పాకలోకి రానివ్వకండి. వానలు తగ్గే రోజుల్లో జోరీగలు చేసే పని ఇదే. ఒక గేదె మీద సగం తాగుతుండగా తోకతో కొడితే లేచి పక్కదాని మీద వాలతాయి. మూతికంటిన తడి రక్తంతో సర్రా జబ్బు పాకుతుంది. సర్రా తెచ్చే ట్రిపనోసోమా అనే క్రిమికి ఈగలో పెరగాల్సిన అవసరం కూడా లేదు. 1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో బ్రిటిష్ సైన్యపు పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ దాన్ని కనిపెట్టాడు, ఆయన మాట పైవాళ్లు చాన్నాళ్లు నమ్మలేదు. 2000 సంవత్సరంలో మన పక్కనే భువనేశ్వర్ నందన్‌కానన్‌లో పులులు వరసగా చనిపోయింది ఈ జబ్బుతోనే. అనాప్లాస్మా కూడా సూదులతో, కొమ్ములు కోసే పనిముట్లతో పాకుతుంది. ఆవుకొక సూది, ఐదు రూపాయల ఖర్చు కాదు.

పిల్లల సంగతి. ఆవులకొచ్చే థైలేరియా అన్యులాటా, బబీసియా బైజెమినా మనుషులకు రావు. పాలు కాచి తాగండి, అది ఎలాగూ చేయాల్సిందే. అలాగని పిడుదుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. హయలొమ్మా పిడుదులు క్రిమియన్ కాంగో జ్వరం మోయగలవు, 2011లో గుజరాత్‌లో మనుషులు చనిపోయారు. కుక్క పిడుదులు రికెట్సియా జ్వరాలు తేగలవు. కాబట్టి గోళ్లతో నలపొద్దు. మన ఏజెన్సీలో, పొదల వెంట తిరిగేవాళ్లలో కనబడే స్క్రబ్ టైఫస్ పిడుదుతో కాదు, కంటికి కనబడని ఎర్ర నల్లి పిల్లలతో వస్తుంది. పిల్లలకు వదలని జ్వరం, ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, పాకలో, పొదల్లో తిరుగుతారని డాక్టరుకు చెప్పండి.

మీ కుక్క మీదిది మూడో రకం, గోధుమరంగు కుక్క పిడుదు. మీ ఆవుల జబ్బుకు కుక్కను తిట్టకండి. అది ఇంటి గోడలెక్కుతుంది, మంచం కోళ్లలో, తలుపు సందుల్లో గుడ్లు పెడుతుంది. కుక్కలకు ఎర్లికియా జబ్బు తెచ్చేది అదే, కుక్కల బబీసియా అయిన గిబ్సోనిని కూడా మోస్తుందంటారు. ఆ గిబ్సోనిని 1910లో పాటన్ అనే శాస్త్రవేత్త మొదట చూసింది మన మద్రాసు వేటకుక్కల్లోనే. కుక్క నీరసించి, ముక్కు నుంచి రక్తం కారితే ఆగొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే కుక్కకు వాడే పర్మెత్రిన్ దాని దగ్గరికి రానివ్వకండి, పిల్లికి విషం.

మీ చెల్లికి చెప్పండి, ప్రాజెక్టుకు ఇంతకంటే మంచిది దొరకదు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఐదు ఆవుల్ని ఎంచుకుని, పదిహేను రోజులకొకసారి ఒక పక్క మాత్రమే, నాలుగున్నర మిల్లీమీటర్లు దాటిన ఆడ పిడుదుల్ని లెక్కపెట్టి రెండింతలు చేయమనండి. ఏ ఆవు, ఏ చోట, ఆ వారం వాన పడిందా, మందు కొట్టారా, అన్నీ నోటు పుస్తకంలో ఎక్కించాలి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి పిడుదుల క్యాలెండరు చేతికొస్తుంది. ఏ నెలలో పిచికారీ మొదలుపెట్టాలో అది చెప్పినట్టు ఏ మందు సీసా చెప్పదు. కొన్ని ఉబ్బిన ఆడ పిడుదుల్ని బతికుండగానే, గాలి తగిలే సీసాలో తడి దూది వేసి వాళ్ల కాలేజీలోని పరాన్నజీవుల విభాగానికి పట్టుకెళితే, మందుకు లొంగుతున్నాయో లేదో ముంచి చూసే పరీక్ష ఉంది. మందులో ముంచిన వాటిని, నీళ్లలో ముంచిన వాటిని విడిగా ఉంచి, ఏవి ఎన్ని గుడ్లు పెట్టాయో తూచి చూస్తారు.

మీరు మాత్రం రేపు పొద్దున్న పాలు తీసేటప్పుడే మొదలుపెట్టండి. మొద్దు పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగండి. కిరోసిన్ పోయొద్దు, అగ్గిపుల్ల పెట్టొద్దు. ప్రతి ఆవు నుంచి చిన్నవీ పెద్దవీ కలిపి ఓ పది, ఆవుకొక సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి. తేదీ, ఊరు, ఆవు గుర్తు, ఒంటి మీద ఏ చోట దొరికాయో చిన్న కాగితం మీద రాసి సీసా లోపలే పడేయండి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.